చైనా పల్లెల మట్టి ఇళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర చైనాలో మట్టి కొండలను తొలిచి కట్టుకున్న యావోదోంగ్ గుహ ఇళ్ళ గురించి, దక్షిణాన ఫుజియాన్ కొండల్లో మట్టిని దిమ్మిసతో కొట్టి లేపిన తులోవ్‌ల గురించి పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాది గుహ ఇళ్ళకే ఎక్కువ చోటు కేటాయించాం. ఇంటికీ, అందులో ఉండే మనిషికీ మధ్య ఉన్న బంధం అక్కడ అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. మనుషులు కాపురం ఉన్నంత కాలమే ఆ ఇల్లు నిలుస్తుంది. చైనా గ్రామీణ సంస్కృతిలో ఈ ఇళ్ళ స్థానాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతే ఆధారమని మేము నమ్ముతున్నాం.

యావోదోంగ్ అంటే ఏమిటి? అవి ఎక్కడ ఉన్నాయి?

పసుపు నది మధ్య పరీవాహక ప్రాంతంలో సుమారు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల మేర లోయస్ పీఠభూమి పరుచుకుని ఉంది. వాయవ్య దిశలోని ఎడారుల నుంచి గాలి మోసుకొచ్చిన సన్నని ధూళి లక్షల ఏళ్ళ పాటు పొర మీద పొరగా పేరుకోవడంతో ఏర్పడిన నేల అది. చాలా చోట్ల ఆ మట్టి మందం 50 నుంచి 80 మీటర్లు ఉంటుంది, కొన్ని చోట్ల 200 మీటర్లు దాటుతుంది. ఈ పసుపు మట్టిని తొలిచి చేసిన కమాను గదిని యావోదోంగ్ అంటారు. షాన్షీ, దానికి తూర్పున ఉన్న షన్షీ, హెనాన్, గాన్సు, నింగ్‌షియా ప్రాంతాల్లో ఇవి విస్తారంగా ఉన్నాయి. ఈ శతాబ్దం మొదటి దశకంలో కూడా మూడు నాలుగు కోట్ల మంది ఇలాంటి ఇళ్ళలో నివసిస్తున్నారని అంచనా వేశారు. ఆ తర్వాత ఆ సంఖ్య వేగంగా తగ్గుతూ వచ్చింది.

మామూలు గది మూడు నాలుగు మీటర్ల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు ఉండి, కొండ లోపలికి ఆరు నుంచి పది మీటర్ల దాకా వెళుతుంది. వెనుక గోడకు కిటికీ ఉండదు. వెలుతురైనా గాలైనా మనిషైనా ముందు వైపున ఉన్న ఒక్క కమాను గుండానే రావాలి. అందుకే ఆ ముందు గోడ మీద, దాని చెక్క జాలీ మీద ఇంటివాళ్ళు అంత శ్రద్ధ పెట్టారు.

మట్టి కొండను తొలిస్తే కూలిపోదా?

పొడిగా ఉన్నంత వరకు కూలదు. లోయస్ మట్టి రేణువులు చాలా సన్నవి. వాటి మధ్య సున్నపు పదార్థం బంధంలా పట్టి ఉంచుతుంది. అందుకే ఆ నేలను నిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది, పార పలుగులతో సులభంగా తవ్వుడు పడుతుంది. పై కప్పును చదునుగా కాకుండా కమానుగా తవ్వడం వల్ల పైనున్న మట్టి బరువు రెండు పక్కల గోడల్లోకి దిగిపోతుంది. పక్కపక్కనే రెండు గదులు తవ్వినప్పుడు మధ్యలో తగినంత మందంగా మట్టిని వదిలేయాలి. ఎంత వదలాలన్నది మట్టి రంగును, గట్టిదనాన్ని చూసి అనుభవజ్ఞుడైన మేస్త్రీ నిర్ణయిస్తాడు.

తవ్వకం ఒక్క ఊపున జరిగే పని కాదు. ముందు గదిని కొంచెం చిన్నదిగా తవ్వి, మట్టిలోని తేమ ఆరే వరకు నెలల తరబడి వదిలేస్తారు. ఆ తర్వాత కావలసిన ఆకారానికి చెక్కి, గోధుమ గడ్డి కలిపిన మట్టితో లోపలంతా మెత్తుతారు. వ్యవసాయ పనులు లేని రోజుల్లో బంధువులు, ఇరుగుపొరుగు చేతులు కలిపితేనే ఇల్లు పూర్తయ్యేది. ఇంటి యజమాని ఆ రుణాన్ని డబ్బుతో కాక, వాళ్ళ ఇంటి తవ్వకానికి తానూ వెళ్ళి తీర్చుకునేవాడు.

ఈ ఇంటికి అసలు శత్రువు నీరు. కప్పు మీద నీరు నిలిచి లోపలికి ఇంకితే మట్టి పట్టు సడలుతుంది.

ఇవన్నీ ఒకే రకంగా ఉంటాయా?

ఉండవు. స్థూలంగా మూడు రకాలు చెప్పుకోవచ్చు. కొండ వాలులోకి అడ్డంగా తొలిచినవి మొదటి రకం. షన్షీలో పసుపు నది ఒడ్డునున్న చీకౌ రేవుకు దగ్గర్లోని లీజియాషాన్ గ్రామంలో ఇవి కొండ పొడవునా అంతస్తులుగా పేర్చినట్టు ఉంటాయి. కింది ఇంటి పైకప్పే పై ఇంటికి వాకిలి. చిత్రకారుడు వూ గువాన్‌జోంగ్ 1989లో ఈ ఊరిని చూసి మెచ్చుకున్న తర్వాతే బయటి ప్రపంచానికి దీని పేరు తెలిసింది.

కొండలు లేని సమతల ప్రాంతంలో రైతులు నేలలోకే దిగారు. హెనాన్ రాష్ట్రంలోని సాన్‌మెన్‌షియా నగర పరిసరాల్లో ఇలాంటి గుంత ఇళ్ళు ప్రసిద్ధం. ముందు ఆరేడు మీటర్ల లోతున చదరపు గుంత తవ్వి, ఆ గుంత నాలుగు గోడల్లోకి గదులు తొలుస్తారు. గుంత అడుగు భాగం ఇంటి నడిమి వాకిలి అవుతుంది. అందులో ఒక చెట్టు, ఒక మూల వాన నీటి కోసం ఇంకుడు గుంత, పైకి వెళ్ళడానికి ఏటవాలు దారి ఉంటాయి. గుంత అంచు చుట్టూ పశువులు, పిల్లలు జారి పడకుండా పిట్టగోడ కడతారు. దూరం నుంచి చూస్తే చెట్ల కొనలే తప్ప ఊరు కనబడదని, ఊళ్ళోకి వచ్చినా ఇల్లు కనబడదని, మాటలు వినిపిస్తాయి గానీ మనిషి కనబడడని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు.

ఈ గుంత ఇళ్ళలో ఒక చిన్న ఏర్పాటును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇంటి పైకప్పు అంటే నేల మట్టమే కనుక దాన్ని కళ్ళంగా వాడుకునేవారు. అక్కడే ధాన్యం నూర్చి, ఎండబెట్టి, కప్పులోకి తొలిచిన సన్నని రంధ్రం గుండా నేరుగా కింది గదిలోని గరిసెలోకి జారవిడిచేవారు. పంట ఇంటికి చేరడానికి బండి గానీ బస్తా గానీ అక్కరలేదు.

మూడో రకం కొండతో సంబంధం లేకుండా నేల మీద రాయితోనో ఇటుకతోనో కమానులు కట్టి, వాటిపై మందంగా మట్టి కప్పినవి. దీని ప్రాధాన్యం తర్వాతి జవాబులో చూడండి.

గుహ ఇళ్ళు పేదరికానికి గుర్తు కాదా?

చాలామంది చైనా పట్టణవాసులు కూడా అలాగే అనుకుంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కలప కరువైన నేలలో, పార తప్ప వేరే పెట్టుబడి లేని రైతు ఇల్లు కట్టుకోగలిగింది ఈ మట్టి వల్లే. కానీ డబ్బున్నవాళ్ళు ఏం కట్టుకున్నారో చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. 1997లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన షన్షీలోని పింగ్యావో పట్టణం ఒకప్పుడు చైనా బ్యాంకింగ్ వ్యాపారానికి కేంద్రం. అక్కడి సంపన్నుల లోగిళ్ళలో ఇంటి పెద్ద ఉండే ప్రధాన గదులు చాలా వరకు ఇటుకతో కట్టిన కమాను గదులే. ముందు వైపు చెక్కిన కలప వసారా, లోపల గుహ. ఎలాంటి ఇల్లైనా కట్టుకోగల స్థోమత ఉన్నవాళ్ళు, తవ్వడానికి కొండ లేని చోట కూడా, ఇటుక తెచ్చి గుహ ఆకారాన్ని కట్టుకున్నారు. ఉత్తర షాన్షీలోని మిజ్‌లో 19వ శతాబ్దం చివర పూర్తయిన జియాంగ్ కుటుంబ మహా లోగిలి కూడా రాతి కమానుల యావోదోంగే. వెచ్చగా, నిశ్శబ్దంగా, మందమైన గోడల మధ్య ఉన్నదే ఇల్లు అన్న భావన ఆ ప్రాంతపు మనిషిలో స్థిరపడిపోయింది. అవసరం కొద్దీ పుట్టిన ఆకారం అభిరుచిగా మారడమంటే ఇదే.

లోపల వేడి, చలి ఎలా ఉంటాయి?

చుట్టూ మీటర్ల మందాన మట్టి ఉన్నందున బయటి మార్పు లోపలికి చాలా నెమ్మదిగా చేరుతుంది. శీతాకాలంలో బయట నీళ్ళు గడ్డకట్టే చలి ఉన్నా లోపల 10 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. వేసవిలో 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. లోపాలూ ఉన్నాయి. గది వెనుక భాగం చీకటిగా ఉంటుంది, గాలి ఆడదు, వేసవి వానల్లో చెమ్మ పడుతుంది.

కాంగ్ అంటే ఏమిటి? దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

కాంగ్ అంటే పచ్చి ఇటుకలతో కట్టిన వెడల్పాటి అరుగు. గదిలో చాలా భాగాన్ని అదే ఆక్రమిస్తుంది. పక్కనే పొయ్యి ఉంటుంది. వంట చేసినప్పుడు వచ్చే పొగ నేరుగా బయటికి పోకుండా అరుగు లోపలి సన్నని దారుల్లో తిరిగి, ఇటుకలను వేడెక్కించి, ఆ తర్వాతే పొగగొట్టంలోకి వెళుతుంది. ఒక్క మంటతో వంట అవుతుంది, పడక వెచ్చబడుతుంది, గది గోడల్లోని చెమ్మ ఆరుతుంది. మూడో ప్రయోజనాన్ని చాలామంది గమనించరు గానీ, ఇంటి ఆయుష్షు దాని మీదే ఆధారపడి ఉంది.

కుటుంబ జీవితమంతా కాంగ్ మీదే సాగేది. పగలు పరుపులు మడిచి ఒక పక్కన పెట్టి, మధ్యలో పొట్టి బల్ల వేసుకుని దాని చుట్టూ భోజనం చేస్తారు, బట్టలు కుడతారు, పిల్లలు చదువుకుంటారు. పొయ్యికి దగ్గరగా ఉన్న వెచ్చని కొస పెద్దలది. ఇంటికి వచ్చిన అతిథిని కాంగ్ మీదికి ఎక్కి కూర్చోమనడమే మర్యాద. ముప్పై మూ పొలం, ఒక ఎద్దు, భార్యా పిల్లలు, వెచ్చని కాంగ్ ఉంటే ఇంకేమీ అక్కరలేదని ఉత్తర చైనా రైతు నోట నలిగిన నానుడి. మూ అంటే ఎకరంలో దాదాపు ఆరో వంతు, అంటే ఆ కోరిక మొత్తం అయిదెకరాల పొలమే.

ఉత్తర షాన్షీలో కాంగ్ మీద అరచేతిలో ఇమిడేంత నుంచి జానెడెత్తు వరకు ఉండే రాతి సింహం బొమ్మ కనిపిస్తుంది. పాకే వయసు బిడ్డ నడుముకు ఎర్ర దారం కట్టి, రెండో కొసను ఆ సింహానికి కట్టేవారు. తల్లి పొలం పనిలోనో పొయ్యి దగ్గరో ఉన్నప్పుడు బిడ్డ అరుగు అంచు దాటి కింద పడకుండా ఆ బరువు ఆపుతుంది. అదే సింహం బిడ్డకు దృష్టి దోషం తగలకుండా కాపాడుతుందని నమ్మకం. శిల్పుల ఊళ్ళకు పేరొందిన స్వీదే ప్రాంతంలో ఇవి ఎక్కువ. ఏ రెండు బొమ్మల ముఖాలూ ఒకేలా ఉండవు. తరతరాల పసిచేతులు తాకి తాకి నున్నగా అరిగిన ఆ బొమ్మలు ఇప్పుడు పాత వస్తువుల దుకాణాల్లో ధర పలుకుతున్నాయి. మా దృష్టిలో ఇది బాధ కలిగించే విషయం.

కొన్నేళ్ళకోసారి కాంగ్‌ను పగలగొట్టి కొత్తగా కడతారు. ఏళ్ళ తరబడి పొగ పీల్చి నల్లబడిన పాత ఇటుకలను పారేయరు. వాటిని పొడి చేసి పొలానికి ఎరువుగా వేస్తారు. పొలం మట్టి ఇంటికి వచ్చి, మళ్ళీ పొలానికే చేరుతుంది.

ఇంటి అమరికలో కుటుంబ వరుసలు కనిపిస్తాయా?

స్పష్టంగా కనిపిస్తాయి. గదులను వీలైతే దక్షిణ ముఖంగా, మూడో అయిదో అన్నట్టు బేసి సంఖ్యలో తొలుస్తారు. నడిమి గది పెద్దలది. పూర్వీకుల పీఠం ఉండేదీ, పండుగనాడు మొక్కులు జరిగేదీ అక్కడే. కొడుకులకు పెళ్ళయ్యే కొద్దీ పక్క గదులు వస్తాయి. గుంత ఇళ్ళలో ఫంగ్‌షుయి (చైనా వాస్తు) పండితుడు దిక్కులను, నేల తీరును చూసి ఏ గోడలోని గది ప్రధానమో, ద్వారం ఎటు ఉండాలో, వంటగది, మరుగుదొడ్డి ఎక్కడ రావాలో నిర్ణయించేవాడు. ఈ లెక్కల వెనుక విశ్వాసంతో పాటు ఎండ, గాలి, నీటివాలు గురించిన అనుభవ జ్ఞానం కూడా కలిసి ఉంది. రెంటినీ విడదీసి ఒకదాన్ని మూఢనమ్మకం, మరొకదాన్ని శాస్త్రం అనడం ఆ ఇల్లు కట్టినవాళ్ళకు న్యాయం చేయదు.

ఇల్లు పూర్తయినప్పుడు ఏవైనా వేడుకలు చేస్తారా?

ఉత్తర షాన్షీలో రాతి యావోదోంగ్ కట్టేటప్పుడు నడిమి కమానులో చివరి రాయి పెట్టే రోజు పండుగే. ఆ ఖాళీని డ్రాగన్ నోరు అంటారు, దాన్ని మూయడమే వేడుక. ఎర్ర గుడ్డ, రంగు దారాలు, ధాన్యపు గింజలు ఉంచి, మేస్త్రీ మంగళ వాక్యాలు పలుకుతూ రాయిని బిగిస్తాడు. పైనుంచి ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు, మిఠాయిలు జల్లుతుంటే కింద ఊరి పిల్లలు పోటీపడి ఏరుకుంటారు. సాయంత్రం పనివాళ్ళకు, ఊరివాళ్ళకు విందు ఉంటుంది. మన పల్లెల్లో ద్వారబంధం నిలబెట్టే రోజున ఇంటి యజమాని పడే ఆరాటం తెలిసినవారికి ఈ సందడిని వివరించనక్కరలేదు.

కిటికీల మీద కనిపించే ఎర్ర కాగితపు పూల సంగతేమిటి?

కమాను ముందు భాగంలోని చెక్క జాలీకి గాజు రాకముందు తెల్ల కాగితం అంటించేవారు. కొత్త సంవత్సరానికి ముందు ఆ కాగితాన్ని మార్చి, దాని మీద ఎర్ర కాగితాన్ని కత్తిరించి చేసిన పువ్వులు, పక్షులు, చేపలు, పసిపిల్లల బొమ్మలు అతికించేవారు. ఈ పని ఇంటి ఆడవాళ్ళది. గీత గీసుకోకుండా నేరుగా కత్తెరతో కోసే నేర్పు తల్లి నుంచి కూతురికి వచ్చేది. కొత్త కోడలి చేతి నేర్పును ఊరు అంచనా వేసేది ఆమె కిటికీని చూసే. చీకటి గదిలోకి వెలుతురు వచ్చే ఒకే ఒక్క చోట ఆ బొమ్మలు ఉండేవి కనుక, లోపల కూర్చున్నవాళ్ళకు పగలంతా అవి వెలుగుతూనే కనిపించేవి.

ఉత్తర షాన్షీలోని యెనాన్ నగరం దగ్గరి ఆన్సాయ్, యాన్‌చువాన్ ప్రాంతాలు ఈ కళకు ప్రసిద్ధం. షాన్షీకే చెందిన షున్యీ ప్రాంతపు రైతు మహిళ కూ షూలాన్ తన గుహ ఇంటి గోడల నిండా రంగు కాగితపు బొమ్మలు పరిచి, వాటితో పాటు తాను కట్టిన పాటలు పాడేవారు. ఆమెను 1996లో యునెస్కో చైనా జానపద కళల్లో విశిష్ట కళాకారిణిగా గుర్తించింది. చైనా కాగితపు కత్తిరింపు కళ 2009లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. అయితే గాజు కిటికీ, సిమెంటు గోడ వచ్చిన తర్వాత ఆ బొమ్మలు చాలా వరకు పటం కట్టి అమ్మే వస్తువులయ్యాయి.

యెనాన్ గుహలకు, ఈ ఇళ్ళకు సంబంధం ఉందా?

అవి ఇవే. వామపక్ష సాహిత్యం చదివిన తెలుగు పాఠకులకు యెనాన్ పేరు కొత్త కాదు. దీర్ఘ యాత్ర (లాంగ్ మార్చ్) తర్వాత 1935లో ఉత్తర షాన్షీ చేరిన చైనా కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం 1947 వరకు ఈ ప్రాంతం నుంచే పనిచేసింది. నివాసాలు, కార్యాలయాలు, పాఠశాలలు, ఆసుపత్రులు అన్నీ మట్టి కొండల్లో తొలిచిన గదులే. బాంబు దాడుల నుంచి కూడా ఆ కొండలే కాపాడాయి. అమెరికన్ పాత్రికేయుడు ఎడ్గార్ స్నో 1936లో మావోను కలుసుకున్నది బావోఆన్‌లోని ఇలాంటి గుహ ఇంట్లోనే. మన దేశం పంపిన వైద్య బృందంలోని షోలాపూర్ వైద్యుడు ద్వారకానాథ్ కోట్నిస్ 1939లో యెనాన్ చేరినప్పుడు ఆయనా, ఆయన సహచరులూ పనిచేసింది కూడా గుహల్లో నడిచే ఆసుపత్రిలోనే.

దీనివల్ల యావోదోంగ్‌కు రైతు ఇంటికి మించిన అర్థం వచ్చింది. కష్టసహిష్ణుతకు, నిరాడంబరతకు అది ప్రభుత్వం చూపించే చిహ్నమైంది. ప్రస్తుత అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ 1969 నుంచి దాదాపు ఏడేళ్ళు యాన్‌చువాన్ ప్రాంతపు లియాంగ్‌జియాహ గ్రామంలో గుహ ఇంట్లో గడిపారు. ఇప్పుడు ఆ ఊరు సందర్శకులతో నిండి ఉంటుంది. ఈ ఖ్యాతి కొన్ని ఇళ్ళను కాపాడిన మాట నిజం. కానీ చిహ్నంగా కాపాడిన ఇల్లు, కాపురానికి పనికొచ్చే ఇల్లు రెండూ ఒకటి కావు. పక్క కొండలో కుటుంబాలు వదిలేసి వెళ్ళిన మామూలు ఇళ్ళకు ఆ రక్షణ అందలేదు.

భూకంపాలు వస్తే పరిస్థితి ఏమిటి?

ఇది ఈ ఇళ్ళ చరిత్రలో అత్యంత విషాదకరమైన భాగం. 1556 జనవరిలో షాన్షీలోని హువాషియాన్ ప్రాంతాన్ని కుదిపేసిన భూకంపంలో దాదాపు 8.3 లక్షల మంది మరణించారని చైనా చారిత్రక రికార్డులు చెబుతున్నాయి. మానవ చరిత్రలో నమోదైన భూకంపాల్లో ఇంతకంటే ప్రాణాంతకమైనది లేదు. నిద్రలో ఉన్న కుటుంబాల మీద గుహల కప్పులు కూలడం, మట్టి కొండలే జారిపడడం అంత నష్టానికి ముఖ్య కారణాలు. 1920 డిసెంబరులో నింగ్‌షియాలోని హైయువాన్ భూకంపం రెండు లక్షల మందికి పైగా బలిగొంది. అక్కడా జారిన లోయస్ కొండలు ఊళ్ళకు ఊళ్ళనే పూడ్చేశాయి. భూకంపం దాకా పోనక్కరలేదు. 2013 జూలైలో యెనాన్ ప్రాంతంలో ఎడతెరిపి లేని వానలకు ఎన్నో గుహ ఇళ్ళు కూలి మనుషులు చనిపోయారు. సంప్రదాయ గృహాలను కాపాడాలని మాట్లాడే ఎవరైనా ఈ లెక్కను పక్కన పెట్టి మాట్లాడకూడదు.

దక్షిణ చైనాలోని గుండ్రని మట్టి భవనాలు కూడా ఈ కోవలోనివేనా?

మట్టి ఒక్కటే ఉమ్మడి, మిగతాదంతా వేరు. ఫుజియాన్ రాష్ట్రంలోని యోంగ్‌డింగ్, నాన్‌జింగ్, హువాఆన్ ప్రాంతాల్లో హక్కా ప్రజలు, మిన్నాన్ ప్రజలు కట్టుకున్న ఈ భవనాలను తులోవ్ అంటారు. 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు కట్టిన వాటిలో 46 భవనాలు 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చెక్క పలకల మధ్య తడి మట్టి పోసి, వెదురు బద్దలు పేర్చి, దిమ్మిసతో కొట్టి పొరలు పొరలుగా గోడ లేపుతారు. కింది భాగంలో గోడ మందం మీటరుకు పైగా ఉంటుంది. బందిపోట్లు, వంశాల మధ్య పోరాటాలు ఉన్న కాలంలో ఒకే ద్వారం, కింది అంతస్తుల్లో బయటికి కిటికీలు లేని ఈ కట్టడం కోటలా పనికొచ్చేది.

లోపల ఒకే వంశం ఉంటుంది. ఒక్కో కుటుంబానికి కింద వంటగది, దాని పైన ధాన్యపు గది, ఆ పైన పడక గదులు నిలువుగా ఒకే వరుసలో దక్కుతాయి. ఉన్నవాడికైనా లేనివాడికైనా గదులన్నీ ఒకే కొలతవి. నడుమ పూర్వీకుల మందిరం ఉంటుంది. పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు, తగాదాల తీర్పులు అక్కడే జరుగుతాయి. 1709లో పూర్తయిన చెంగ్‌చీ లోవ్‌లో ఒకదానిలో ఒకటిగా నాలుగు వలయాలు, నాలుగు వందల దాకా గదులు ఉన్నాయి. 1912లో కట్టిన జెన్‌చెంగ్ లోవ్ పొగాకు కోసే కత్తుల వ్యాపారంలో సంపాదించిన లిన్ కుటుంబానిది. లోపలి మందిరానికి పాశ్చాత్య శైలి స్తంభాలు పెట్టించిన ఆ సంపన్నులు బయటి గోడను మాత్రం మట్టితోనే లేపారు.

ఈ ఊళ్ళ నుంచి ఆగ్నేయాసియాకు వలస వెళ్ళిన హక్కాలు చాలామంది. తెలుగు కూలీలు వేల సంఖ్యలో చేరిన రంగూన్ రేవులో మందుల దుకాణం నడిపిన ఆవ్ కుటుంబం యోంగ్‌డింగ్ నుంచి వెళ్ళినదే. మన ఇళ్ళలో తలనొప్పికి రాసుకునే టైగర్ బామ్ ఆ కుటుంబం తయారు చేసినదే. అలాంటి వలస కుటుంబాలకు తులోవ్‌లోని పూర్వీకుల మందిరం ఇప్పటికీ వంశం పేరు చెప్పుకునే చోటు.

ఇంత విలువైన ఇళ్ళను ప్రజలు ఎందుకు వదిలేస్తున్నారు?

కారణాలు పూర్తిగా అర్థం చేసుకోదగినవి. బడి, ఆసుపత్రి, కూలీ పట్టణంలో ఉన్నాయి. నల్లా నీరు, స్నానాల గది ఏర్పాటు చేసుకోవడం గుహలో కష్టం. సంబంధం కుదుర్చుకునేటప్పుడు కాంక్రీటు ఇల్లు లేదా పట్టణంలో అపార్టుమెంటు ఉందా అని ఆడపిల్లవాళ్ళు అడుగుతారు. ప్రభుత్వ విధానాలు దీన్ని వేగవంతం చేశాయి. 2016 నుంచి 2020 వరకు పేదరిక నిర్మూలనలో భాగంగా దేశమంతటా దాదాపు 96 లక్షల మందిని నివాసానికి అనుకూలం కాని ప్రాంతాల నుంచి కొత్త కాలనీలకు తరలించారు. గుంత ఇళ్ళు విస్తారమైన నేలను ఆక్రమిస్తాయి కనుక, హెనాన్‌లో చాలా గుంతలను పూడ్చి సాగుభూమిగా మార్చారు.

వదిలేసిన ఇల్లు ఎక్కువ కాలం నిలవదు. కాంగ్ కింద మంట ఆగితే గోడల చెమ్మ ఆరదు. వాన కురిసిన ప్రతిసారీ కప్పు మీద మట్టిని రాతి రోలరుతో తొక్కించి గట్టిపరిచే మనిషి ఉండడు. పగుళ్ళలో మొక్కలు వేరు దిగుతాయి. వాటి వెంటే నీరు దిగుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఏటా వానలకు ముందు చౌడు పరచని మట్టిమిద్దె ఏమవుతుందో చూసినవారికి ఈ వరుస తెలుసు.

ప్రభుత్వం వీటిని కాపాడడానికి ఏం చేస్తోంది?

యావోదోంగ్ నిర్మాణ విద్య 2008లో చైనా జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేరింది. హక్కా తులోవ్ నిర్మాణ విద్య అంతకు ముందే, 2006లో చేరింది. 2012లో సంప్రదాయ గ్రామాల జాతీయ జాబితా మొదలై, మొదటి విడతలో 646 గ్రామాలను గుర్తించింది. 2023లో ఆరో విడతతో ఆ సంఖ్య 8,155కి చేరింది. జాబితాలోని ఊళ్ళకు మరమ్మతు నిధులు అందుతాయి, ఇష్టానుసారం కూల్చడానికి వీలుండదు. జాబితాలో లేని ఊళ్ళే ఎక్కువన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పర్యాటకం వల్ల ఈ సంస్కృతి బతుకుతుందా?

పాక్షికంగా. సాన్‌మెన్‌షియా దగ్గరి బెయ్‌యింగ్‌లో గుంత ఇళ్ళను ఒకదానికొకటి కలిపి సందర్శక ప్రాంగణంగా మార్చారు. కాగితపు కత్తిరింపు, వంట, జానపద గానం ప్రదర్శిస్తారు. దీనివల్ల కొందరికి ఉపాధి దొరికింది, కట్టడాలకు మరమ్మతులు జరుగుతున్నాయి. అయితే టిక్కెట్టు కొని చూసే కాంగ్ కింద మంట ఉండదు, ఆ గదిలో ఎవరూ నిద్రపోరు. ఇంటివాళ్ళు అక్కడే ఉంటూ రెండు మూడు గదులను అతిథులకు ఇచ్చే పద్ధతి దీనికంటే మేలని మా అభిప్రాయం. అప్పుడు కప్పును తొక్కించడానికీ, పొయ్యి వెలిగించడానికీ ఇంట్లోనే మనిషి ఉంటాడు, పెద్దల నేర్పు పిల్లల కళ్ళ ముందు కొనసాగుతుంది.

కొత్తగా ఎవరైనా మట్టి ఇళ్ళు కడుతున్నారా?

కడుతున్నారు. ఈ ప్రయత్నాలే మాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తున్నాయి. షీఆన్‌లోని వాస్తుశాస్త్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు లియు జియాపింగ్ బృందం యెనాన్ దగ్గరి జావోయువాన్ గ్రామంలో ఊరివాళ్ళతో కలిసి కొత్త తరహా యావోదోంగ్‌లు రూపొందించింది. కమాను, మందపు గోడలు అలాగే ఉంచి, ముందు భాగంలో ఎండను పట్టే గాజు గదిని చేర్చి, వెనుక భాగానికి గాలి, వెలుతురు అందే దారి కల్పించారు. పాత ఇంట్లో ఏవి ఇబ్బందిగా ఉండేవో వాటినే సరిచేశారు.

యునాన్ రాష్ట్రంలో 2014 ఆగస్టులో లూడియాన్ భూకంపం వచ్చి మట్టి ఇళ్ళు కూలినప్పుడు, గ్రామస్తులు మట్టి మీద నమ్మకం కోల్పోయారు. గువాంగ్‌మింగ్ గ్రామంలో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ, కున్‌మింగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ నిపుణులు మట్టి మిశ్రమాన్ని మెరుగుపరిచి, గోడల్లో ఉక్కు కడ్డీలు, కాంక్రీటు పట్టీలు చేర్చి, వృద్ధ దంపతుల కోసం ఒక నమూనా ఇల్లు కట్టారు. ఊరివాళ్ళే పనివాళ్ళు. 2017లో ఆ ఇల్లు ప్రపంచ వాస్తుశిల్ప ఉత్సవంలో ఆ ఏటి ఉత్తమ భవనంగా ఎంపికైంది.

చూడాలనుకునేవారు ఎక్కడికి వెళ్ళవచ్చు? ఏం గుర్తుంచుకోవాలి?

గుంత ఇళ్ళకు సాన్‌మెన్‌షియా దగ్గర. జెంగ్‌జౌ, షీఆన్ నగరాల మధ్య నడిచే వేగవంతమైన రైళ్ళు అక్కడ ఆగుతాయి. కొండ ఇళ్ళకు యెనాన్, మిజ్, లీజియాషాన్. తులోవ్‌లకు షియామెన్ నగరం నుంచి రోడ్డు మార్గంలో యోంగ్‌డింగ్, నాన్‌జింగ్. లోయస్ ప్రాంతంలో వానలు ఎక్కువగా జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో కురుస్తాయి. ఆ నెలల్లో కొండ అంచు దారులు, పాత గుహలు ప్రమాదకరం.

చాలా ఇళ్ళలో ఇప్పటికీ వృద్ధులు నివసిస్తున్నారు కనుక అడగకుండా లోపలికి వెళ్ళకూడదు, ఫొటో తీయకూడదు. లోపలికి పిలిచి కాంగ్ మీద కూర్చోమంటే చెప్పులు విడిచి ఎక్కాలి, వెచ్చని కొస ఇంటి పెద్దలకు వదలాలి. గుంత ఇళ్ళ ప్రాంతంలో ఖాళీ మైదానంలా కనిపించేది ఒకరి ఇంటి పైకప్పు కావచ్చు. పిట్టగోడ కనిపించినప్పుడు అది దాటి లోపలి వైపు వెళ్ళకుండా, నడక దారి మీదే నడవండి.